మైపాడు తీరంలో 40 యూనిట్ల హాలిడే ఓనర్‌షిప్ రిసార్ట్: రోజు పని ఎలా నడపాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇది. నెల్లూరు బిజినెస్ హోటల్లో ఫ్రంట్ ఆఫీసు చూసిన అనుభవం ఉంది. ఇప్పుడు మైపాడు వైపు సముద్రపొడ్డున 40 యూనిట్ల హాలిడే ఓనర్‌షిప్ రిసార్టుకు, అంటే సభ్యులు ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు వచ్చి ఉండే చోటికి, మేనేజరుగా చేరుతున్నారు. శనివారం వచ్చిందంటే గదులు సమయానికి తయారు కావడం లేదు, లాబీలో సభ్యులు కేకలేస్తున్నారు. పని ఎక్కణ్ణుంచి పట్టుకోవాలి, ఎంతమంది కావాలి, హోటలుకూ దీనికీ తేడా ఏమిటి అని.

జవాబు ముందే చెప్పేస్తాను. ఉదయం 10కి చెక్ ఔట్, మధ్యాహ్నం 2కి చెక్ ఇన్. ఆ మధ్యలో ఉన్న నాలుగు గంటలను కాపాడుకోవడమే మీ ఉద్యోగం. నీళ్లు, కరెంటు, లాండ్రీ, టిఫిన్లు, సిబ్బంది వారపు సెలవులు, ఏవీ ఆ నాలుగు గంటలకు అడ్డం రాకుండా ముందురోజే సర్దుకోవాలి. గొడవ మధ్యాహ్నం 2 గంటలకు కనబడుతుంది గానీ అది మొదలయ్యేది ముందురోజు సాయంత్రం, రేపటి జాబితా ఎవరూ చూడనప్పుడు.

హోటలుకూ దీనికీ తేడా బిల్లులోనే ఉంది. హోటల్లో గది ఆలస్యమైతే సగం అద్దె తగ్గించి సర్దిచెప్పొచ్చు. ఇక్కడ సభ్యుడి బిల్లులో గది అద్దె ఉండదు. ఆ డబ్బు అతను ఏళ్ల క్రితమే కట్టేశాడు, ఏటా నిర్వహణ రుసుమూ కడుతున్నాడు. తగ్గించడానికి మీ చేతిలో ఏమీ లేదు. మూడు రాత్రుల సెలవులో ఒక మధ్యాహ్నం పోతే దాన్ని తిరిగి ఇవ్వలేరు. రెండో తేడా, హోటల్లో ఒక్క మనిషి ఒక్క రాత్రి పడుకుని వెళ్తాడు. ఇక్కడ తాతయ్య, అమ్మమ్మ, పిల్లలతో కలిసి ఆరుగురు నాలుగైదు రోజులుంటారు. వంటింట్లో పాలు కాస్తారు, అన్నం వండుకుంటారు, అల్మరాలన్నీ తెరుస్తారు. వచ్చే ఏడాది మళ్లీ వస్తారు, ఏ గదిలో ఏసీ నీళ్లు కారిందో నంబరుతో సహా గుర్తుపెట్టుకుని వస్తారు.

శనివారం లెక్క

మీ 40లో 16 స్టూడియోలు (పడకా వంటిల్లూ ఒకే గదిలో ఉండేవి), 18 వన్ బెడ్‌రూమ్‌లు, 6 టూ బెడ్‌రూమ్‌లు అనుకుందాం. వేసవి శనివారం రిసార్టు నిండుగా ఉండి 22 యూనిట్లు మారుతున్నాయి, అంటే పాతవాళ్లు వెళ్లి అదే రోజు కొత్తవాళ్లు దిగుతున్నారు: 10 స్టూడియోలు, 9 వన్ బెడ్‌రూమ్‌లు, 3 టూ బెడ్‌రూమ్‌లు. ఖాళీ అయిన యూనిట్‌ను వంటింటితో సహా తయారు చేయడానికి ఒక మనిషికి స్టూడియో అయితే 40 నిమిషాలు, వన్ బెడ్‌రూమ్ 65, టూ బెడ్‌రూమ్ 95 పడుతుంది. 400, 585, 285 కలిపితే 1,270 నిమిషాల పని. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. ట్రాలీ నింపుకోవడం, బ్లాకుల మధ్య నడక, టీ తీసేస్తే చేతికి వచ్చేది 210. అంటే ఇంచుమించు ఆరుగురు చాలాలి.

కాగితం మీద చాలతారు, శనివారం చాలరు. ఎందుకంటే 10కి అందరూ తాళాలివ్వరు. సగంమంది 10:45 దాకా సామాను సర్దుతూనే ఉంటారు. మొదటి గంటలో ఆరుగురిలో ముగ్గురు వరండాలో నిలబడి ఎదురుచూస్తారు, చివరి గంటలో ఆరుగురూ పరిగెత్తినా పని తెమలదు. 22 మార్పులకు 8 మంది ఉండాలి, టూ బెడ్‌రూమ్‌కు ఎప్పుడూ ఇద్దరిని కలిపి పంపాలి. ఉండిపోయే మిగతా 18 యూనిట్లకు 20 నిమిషాల చొప్పున ఇంకో 360 నిమిషాల పని ఉంది కదా, దాన్ని ఆ నాలుగు గంటల్లోకి రానివ్వకండి. 8 నుంచి 10 మధ్య కుటుంబాలు టిఫిన్‌కు వస్తాయి. అప్పుడు సగం, 2 గంటల తర్వాత మిగతా సగం.

చాలాచోట్ల ఆలస్యం క్లీనింగ్‌లో జరగదు, తనిఖీలో జరుగుతుంది. ఒక్కో యూనిట్ చూడటానికి 8 నిమిషాలంటే 22కి 176 నిమిషాలు. ఒక్క సూపర్‌వైజర్ సరిపోతాడనిపిస్తుంది. కానీ ఒంటి గంట నుంచి 2 మధ్య పది పన్నెండు గదులు ఒకేసారి చేతికొస్తాయి, అతను గంటకు ఏడు గదులు మించి చూడలేడు. అప్పుడు శుభ్రమైన గదులు తాళం వేసి ఉంటాయి, సభ్యులు లాబీలో ఉంటారు. ఫ్రంట్ ఆఫీసులో ఒకరికి తనిఖీ నేర్పి శని, ఆదివారాల్లో ఆ గంట పైకి పంపండి.

తనిఖీకి ఒక వరస ఉండాలి. ఫ్లష్, వేడినీళ్లు, బాత్రూం జాలీ దగ్గర వాసన, ఫ్రిజ్, స్టవ్, రిమోట్, మంచం కింద, చివరికి బాల్కనీ గడియ. చిన్నపిల్లలుండే చోట బాల్కనీ గడియ పడని యూనిట్‌ను ఇవ్వనే ఇవ్వకూడదు. ఏసీని మాత్రం తనిఖీకి వెళ్లినవాళ్లు కాదు, శుభ్రం చేసేవాళ్లు లోపలికి అడుగుపెట్టగానే వేయాలి. అరగంట నడిస్తేనే అది చల్లబడుతోందా, నీళ్లు కారుతోందా తెలుస్తుంది.

ఒడ్డున ఉన్నారు కాబట్టి ఇసుక సంగతి వేరుగా చెప్పాలి. పిల్లలు ఇసుక కాళ్లతో, తడిబట్టలతో నేరుగా బాత్రూంలోకి వెళ్తారు. నాలుగు రోజుల్లో జాలీ కింద గిన్నె నిండుతుంది, నీళ్లు పోవు, కొత్తవాళ్లు స్నానం మొదలుపెట్టాక బయటపడుతుంది. గది మారిన ప్రతిసారీ ఆ గిన్నె ఊడదీసి కడగాలి. బీచ్ గేటు దగ్గర కాళ్లు కడుక్కోవడానికి నాలుగు కొళాయిలు, పైన ఒక షవరు పెట్టించండి. ఈ ఒక్క ఏర్పాటుతో ప్లంబర్ పని బాగా తగ్గుతుంది.

ముందురోజు సాయంత్రం 5 గంటలు

ఈ గంటలో రెండు రకాల ఫోన్లు వెళ్లాలి. రేపు వెళ్లేవాళ్లకు: ఎన్నింటికి బయల్దేరుతున్నారు, కారు కావాలా, సామానుకు మనిషిని పంపమంటారా అని. ‘10కి ఖాళీ చేయాలి’ అని గుర్తుచేయడం కంటే సాయం అడిగితే నిజమైన సమయం చెప్తారు. రేపు వచ్చేవాళ్లకు: రైలా కారా, ఎన్నింటికి చేరతారు, పెద్దవాళ్లున్నారా, కింది అంతస్తు కావాలా అని. రెండూ కలిపి ఒకే కాగితం మీదికి వస్తే, రేపు ఏ గది ముందు తయారు కావాలో తెలిసిపోతుంది. ముందు ఖాళీ అయిన గదిని కాదు, ముందు వచ్చేవాళ్ల గదిని ముందు చేయాలి. ఈ వరస హౌస్‌కీపింగ్ చేతికి రాత్రే అందాలి.

మీ దగ్గరికి ఎవరు ఎప్పుడు వస్తారో ఊహించడం కష్టం కాదు. హైదరాబాద్ వాళ్లు నారాయణాద్రి, సింహపురి లాంటి రాత్రి రైళ్లెక్కి నెల్లూరులో పొద్దున్నే దిగుతారు. అక్కణ్ణుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు. మీ గేటు దగ్గరికి రెండింటికి కాదు, టిఫిన్ వేళకే వచ్చేస్తారు. చెన్నై కార్లు మధ్యాహ్నం భోజనానికి, బెంగళూరు కార్లు సాయంత్రానికి. పొద్దున వచ్చినవాళ్లకు గది ఇవ్వలేరు, వాళ్లకూ అది తెలుసు. వాళ్లకు కావాల్సింది స్నానం, టిఫిన్, సామాను పెట్టుకునే చోటు, ముసలివాళ్లు నడుం వాల్చడానికి మంచం. ఈత కొలను పక్కన వేడినీళ్లున్న రెండు స్నానాల గదులు, ఏసీ ఉన్న ఒక చిన్న విశ్రాంతి గది ఉంటే లాబీ సగం ప్రశాంతంగా ఉంటుంది. అదే రకం యూనిట్ ముందురోజు రాత్రి ఖాళీగా ఉంటే దాన్ని వాళ్ల పేరనే రాసిపెట్టండి.

ఆలస్యం తప్పనప్పుడు ‘పది నిమిషాలండీ’ అనవద్దు. 2:40 అవుతుందంటే 2:40 అనే చెప్పండి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పిల్లల్ని ఆటల గదికి పంపండి. కొన్న రకం యూనిట్ అందుబాటులో లేకపోతే పై రకం ఇవ్వండి, కింది రకం ఎప్పుడూ ఇవ్వకండి. ఏదైనా యూనిట్ మరమ్మతుకు ఆపితే ఆ నిమిషమే సెంట్రల్ రిజర్వేషన్‌కు చెప్పాలి. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో అది ఖాళీగానే కనబడుతుంది, ఇంకొకరికి ఖాయం చేసేస్తారు.

వంటింటి సామాన్ల లెక్క చెక్ ఔట్ వేళ చేయించకండి. కుటుంబం సామాను సర్దుకుంటుంటే మనిషి నిలబడి చెంచాలు లెక్కపెట్టడం అవమానంగా ఉంటుంది, పైగా పావుగంట పోతుంది. ముందురోజు మధ్యాహ్నం మామూలు శుభ్రం చేసేటప్పుడే గ్లాసులు, ప్లేట్లు, కుక్కర్, గరిటెలు జాబితాతో సరిచూసుకోవాలి. తక్కువైనవి ఎక్కువగా పక్క యూనిట్‌లో బంధువుల దగ్గరే ఉంటాయి.

బంధువులు అన్నాను కాబట్టి ఇదొకటి. స్టూడియోకు నలుగురే అని రాసి ఉంటుంది, వచ్చేది బావమరిది కుటుంబంతో కలిపి ఏడుగురు. గేటు దగ్గర వాదన పెట్టుకోకండి. సాయంత్రం ఫోన్‌లోనే ఎంతమందో అడిగి, పరుపుకు ఎంత, ఎంతమందికి మించి కుదరదు అనేది చెప్పేయాలి. పరిమితి మీద మాత్రం గట్టిగా ఉండండి. మంటలొస్తే మెట్ల దారి, ట్యాంకులో నీళ్లు, రెస్టారెంటులో కుర్చీలు అన్నీ ఆ సంఖ్య చూసి కట్టినవే. సభ్యుడు తన బదులు స్నేహితుణ్ణి పంపితే సభ్యుడి అనుమతి లేఖ, వచ్చినవారి గుర్తింపు కార్డు రెండూ ఉండాలి.

నెల్లూరు జిల్లా కుటుంబాల్లో అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవలు చాలామంది. తాత పేరు మీద గది ఉన్నా సరే, విదేశీ పాస్‌పోర్టుతో ఎవరు దిగినా 24 గంటల్లోగా విదేశీయుల బస వివరాల ఫారం (ఇదివరకు ఫారం సి అనేవారు) ఆన్‌లైన్‌లో పంపాలి. చిన్నపిల్లలకూ వర్తిస్తుంది. రాత్రి ఆ రోజు లెక్కలు ముగించే (నైట్ ఆడిట్) మనిషికి ఈ పని అప్పగించి, ఉదయం మీటింగులో అడగండి.

నీళ్లు, బట్టలు, కరెంటు

నీళ్ల దగ్గర పొరపాటు జరిగితే మిగతా అన్నీ బాగున్నా లాభం లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ హోటళ్లకు మంచానికి రోజుకు 180 లీటర్లు లెక్క చెప్తుంది. మీ 40 యూనిట్లలో 160 మంది ఉంటే సుమారు 29,000 లీటర్లు. వంటశాల, లాండ్రీ, కొలనులో తగ్గే నీళ్లు కలిపితే నిండు రోజున 40,000 పెట్టుకోండి. రెండు రోజుల నీళ్లు ఎప్పుడూ నిలవ ఉండాలి. ఒడ్డున బోరు వేసవికి ఉప్పెక్కుతుంది. రోజూ ఉదయం 6కి సంపులో, ఆర్‌ఓ శుద్ధి యంత్రం తర్వాత రెండుచోట్లా టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) కొలిచి పుస్తకంలో రాయించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు, వేరే దారి లేకపోతే 2,000 వరకు. సంపులో అంకె వారం వారం పెరుగుతోందంటే బోరు ఎక్కువ తోడుతున్నారని అర్థం. గంటల తరబడి ఒకే మోటారు నడపకుండా విరామాలిచ్చి నడపాలి, తేడా ట్యాంకర్‌తో పూడ్చుకోవాలి. ట్యాంకర్ నీళ్లు సంపులో పోసే ముందు కొలవండి, పోసాక కొలిచి ప్రయోజనం లేదు.

ఉప్పునీళ్ల నష్టం ముందు గీజర్లలో, తర్వాత దుప్పట్లలో కనబడుతుంది. తెల్ల దుప్పట్లు బూడిదరంగుకు తిరిగి గరుకెక్కుతాయి, ఇంకా సబ్బు పొడి పోస్తే మరింత పాడవుతాయి. లాండ్రీకి వెళ్లే లైనుకు సాఫ్ట్‌నర్ (నీళ్ల కఠినత్వం తీసే యంత్రం) ఉండి తీరాలి, అది మళ్లీ పనిచేసేలా సమయానికి ఉప్పుతో రీజనరేట్ చేయాలి. దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్లు నాలుగు జతలుండాలి: మంచం మీద ఒకటి, అంతస్తు అలమరాలో ఒకటి, ఉతుకులో ఒకటి, స్టోరులో ఒకటి. బయట ఉతికిస్తే వానాకాలంలో నాలుగు కూడా కటకటే.

సొంత లాండ్రీ ఉంటే మిషన్‌ను కాదు, డ్రయ్యర్‌ను చూడండి. 22 యూనిట్ల బట్టలు యూనిట్‌కు 7, 8 కిలోల చొప్పున 165 కిలోలు. 30 కిలోల మిషన్‌కు ఆరు విడతలు, ఒక్కోటి 50 నిమిషాలు, అయిదు గంటల్లో ఉతుకు అయిపోతుంది. తువ్వాళ్లు ఆరడం అంతకంటే నెమ్మది. అందుకే తువ్వాళ్లు ముందు ఉతకాలి, దుప్పట్లు తర్వాత. ఉండిపోయే గదులకు దుప్పట్లు మూడో రోజు మార్చడం మామూలు, పిల్లలు తడిపితే ఎప్పుడైనా సరే.

రోహిణి కార్తెలో పడమటి గాలి వీచినప్పుడు మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా 40 యూనిట్ల ఏసీలూ ఒక్కసారి నడుస్తాయి. జనరేటర్ వారానికి ఒకసారి లోడ్ మీద 20 నిమిషాలు నడిపి చూడాలి. లోడ్ లేకుండా నడిపితే అది పనిచేస్తుందని రుజువు కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్ని ఏసీలూ ఒకేసారి మొదలైతే ట్రిప్ అవుతుంది, బ్లాకుకు రెండు నిమిషాల తేడాతో వేయాలి. సముద్రపు గాలికి ఏసీల బయటి పెట్టెల అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. పది, పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో, తక్కువ ఒత్తిడితో కడిగిస్తే ఎక్కువ కాలం మన్నుతాయి. ఉప్పునీళ్లతో కడిగిన చోట్లా చూస్తుంటాం, అది కడగకపోవడం కంటే నష్టం. గదిలో నీళ్లు కారడానికి కారణం చాలాసార్లు డ్రెయిన్ పైపులో పట్టిన పాచి. ఏప్రిల్ రాకముందే అన్నిటికీ ఊదించి శుభ్రం చేయించండి.

ప్రతి యూనిట్‌కు ఒక చరిత్ర కార్డు పెట్టండి. 214లో ఏసీ గ్యాస్ ఈ ఏడాది మూడుసార్లు నింపారంటే అది మెకానిక్ చేసే పని దాటిపోయింది, కాయిల్ మార్చాలి. ఏ ఫిర్యాదుకైనా 10 నిమిషాల్లో మనిషి గదికి వెళ్లాలి, అరగంటలో బాగుపడకపోతే వేరే గది చూపించాలి. బాగుందా అని అడగాల్సింది వెళ్లేరోజు కాదు, రెండో రోజు ఉదయం. వెళ్లేరోజు తెలిసిన ఫిర్యాదుకు మీరు చేయగలిగింది లేదు.

యూనిట్‌కు ఏడాదికి కనీసం రెండు మూడు రోజులు మొత్తం పనికి ఆపాలి: సున్నం, సీలింగ్, కొళాయి వాషర్లు, పరుపు తిప్పడం, తలుపు మడతబందులు. మీ దగ్గర దానికి అనువైన నెలలు జూలై, ఆగస్టు. పని చేయాల్సిన నెలల్లో గదులు మరీ ఎక్కువ అమ్మేస్తే ఏప్రిల్‌లో అన్నీ ఒక్కసారి మొరాయిస్తాయి. ఈ ఒక్క విషయంలో హెడ్ ఆఫీసుతో గట్టిగా మాట్లాడాలి.

వంటశాల

ఏడు రోజులు ఉండే కుటుంబానికి మూడో రోజే పన్నీరు బటర్ మసాలా మొహం మొత్తుతుంది. ఏడు రోజుల మెనూ తిరుగుతూ ఉండాలి, ప్రతి పూటా పెద్దవాళ్లు తినే పప్పు, చారు, పెరుగు తప్పకుండా ఉండాలి. మధ్యాహ్న భోజనానికి మనిషికి బియ్యం 100 నుంచి 120 గ్రాములు, కందిపప్పు 35, ఎముకతో కోడిమాంసం 180, చేప 150, పెరుగు 120 లెక్క. యాభై మంది కంటే తక్కువ ఉంటే బఫే పెట్టకండి, మిగిలింది పారేయడమే అవుతుంది.

టిఫిన్ దగ్గర రద్దీ 8:45 నుంచి 9:45 వరకు. అందరూ వేడి దోసె, పెసరట్టు దగ్గరే నిలబడతారు. ఒక పెద్ద పెనం గంటకు 80 కంటే ఎక్కువ దోసెలు ఇవ్వదు, శని, ఆదివారాల్లో రెండో పెనం వెలిగించండి. టిఫిన్ ఆలస్యమైతే చెక్ ఔట్ ఆలస్యమవుతుంది, అది నేరుగా మీ నాలుగు గంటల్లోంచే పోతుంది.

నెల్లూరు చేపల పులుసు కోసమే వచ్చేవాళ్లున్నారు. చిక్కేమిటంటే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం, మీ రద్దీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రోజుల్లో వంజరం అని మెనూలో రాస్తే ఎక్కడిదో ఐసు చేప పెట్టాల్సివస్తుంది. దానికంటే కొర్రమీను, బొమ్మిడాయిలు, చెరువుల పండుగప్ప, రొయ్యలు రాయండి. మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసు వేసవిలోనే బాగుంటుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. పులుసు ఉదయం వండి రాత్రి పెడితే రుచి. అలా చేసేటప్పుడు వెడల్పాటి గిన్నెల్లో పోసి రెండు గంటల్లో బాగా చల్లార్చి, 5 డిగ్రీల లోపు ఉంచి, వడ్డించే ముందు లోపలిదాకా 75 డిగ్రీలకు వేడిచేయాలి. పచ్చిచేపకు సమానమైన బరువు ఐసు ఉండాలి. వడ్డన దగ్గర వేడి పదార్థాలు 60 డిగ్రీలకు పైనే ఉండాలి. వేపుడు నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదన్నది ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, కొలిచే మీటరు కొనిపెట్టండి.

గదిలో వండుకునేవాళ్లకు పాలు, పెరుగు, బియ్యం, కూరగాయలు, చింతపండు ఒక చిన్న కౌంటరులో దొరకాలి. వండుకుంటే రెస్టారెంటుకు నష్టమని కొందరు మేనేజర్లు ఇది పెట్టరు. ఆ కుటుంబం నెల్లూరు నుంచి తెచ్చుకుంటుంది, మీకు అదీ రాదు. గదుల్లో సిలిండర్లు వద్దు, ఇండక్షన్ స్టవ్‌లే పెట్టండి.

కొలను, సముద్రం

కొలనులో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8. రోజుకు కనీసం మూడుసార్లు కొలవాలి, నిండు రోజుల్లో రెండు గంటలకోసారి. లక్ష లీటర్ల కొలనులో క్లోరిన్ 1 పీపీఎం పెంచాలంటే 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 155 గ్రాములు. కొలను మూసేశాక, బకెట్ నీళ్లలో పొడి కలిపి పోయాలి. పొడి మీద నీళ్లు పోయకూడదు. దీన్ని టీసీసీఏ బిళ్లలతో (ఇంకో రకం క్లోరిన్ మందు) గానీ యాసిడ్‌తో గానీ ఒకే డబ్బాలో, ఒకే మగ్గుతో కలపనివ్వకండి. మంటలు, విషవాయువు వస్తాయి. ఒక్కోదానికి వేరే గది, వేరే మగ్గు ఉండాలి. ఫిల్టర్ ప్రెజర్ శుభ్రంగా ఉన్నప్పటి కంటే గేజీలో అర కిలో (చదరపు సెంటీమీటరుకు) పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు ఎదురు తిప్పి కడగాలి. చిన్నపిల్లలు కొలనులో దొడ్డికెళ్తే అందరినీ బయటికి పంపి, దాన్ని తీసేసి, క్లోరిన్ 2 పీపీఎం, పీహెచ్ 7.5 లోపు ఉంచి కనీసం అరగంట ఆగాలి. విరేచనమైతే ఆ రోజంతా కొలను మూయాల్సిందే.

సముద్రం దగ్గర ఏ సడలింపూ వద్దు. ఈ తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అలలు తక్కువగా, ప్రశాంతంగా కనబడే చోటే లాగుడు ఎక్కువ, తెలియనివాళ్లు ఆ చోటే ఎంచుకుంటారు. లైఫ్‌గార్డులను ఇక్కడి మత్స్యకార పల్లెల నుంచే పెట్టుకుని, రక్షణ శిక్షణ, ప్రాథమిక చికిత్స శిక్షణ ఇప్పించండి. నీళ్లను చదవడం వాళ్లకు పుట్టుకతో తెలుసు, స్పృహ తప్పిన మనిషికి గుండె ఒత్తడం మాత్రం నేర్పాలి. సముద్రంలో దిగడం ఉదయం 6 నుంచి సాయంత్రం 5:30 వరకే. ఎర్రజెండా ఎగిరాక, చీకటి పడ్డాక గేటుకు తాళం. మద్యం తాగినవారిని గేటు దాటనివ్వకూడదు, ఎవరైనా సరే. లాగుడులో చిక్కితే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని చెక్ ఇన్ దగ్గర చెప్పాలి, బోర్డు మీద బొమ్మతో పెట్టాలి. కార్తీక పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా స్నానాలకు వస్తారు, ఆ తెల్లవారుజామున మీ గార్డులు రెట్టింపు ఉండాలి. జనవరి నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. అవి దారి తప్పకుండా సముద్రం వైపు లైట్లు రాత్రిళ్లు ఆర్పేయండి.

సరుగుడు తోటల పక్కన పాములు వస్తాయి. రాత్రి దారుల్లో లైట్లు, గార్డుకు టార్చి, ఎప్పుడూ ఒక కారు, డ్రైవరు సిద్ధంగా ఉండాలి. కాటు వేస్తే కోయడం, కట్టడం, నాటు మందు ఏదీ వద్దు. కదలనివ్వకుండా నేరుగా విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే కనుక్కుని గోడ మీద రాసిపెట్టండి.

బాకీలు, అమ్మకాలు

నిర్వహణ రుసుము బాకీ ఉన్న సభ్యుడికి బుకింగ్ ఖాయం కాకుండా ఆపాల్సింది హెడ్ ఆఫీసు. ఖాయమై గుమ్మం ముందుకొచ్చాక భార్యాపిల్లల ఎదుట బాకీ మాట ఎత్తకండి. గది ఇచ్చి, సాయంత్రం విడిగా మాట్లాడి, చెల్లింపు లింకు పంపండి. సభ్యత్వాలు అమ్మే బృందాన్ని వచ్చినరోజు, టిఫిన్ వేళ, కొలను దగ్గర గెస్టుల జోలికి వెళ్లనివ్వకండి. అమ్మినవాళ్లు చెప్పిన మాటలకు జవాబు చెప్పుకోవాల్సింది మీ రిసెప్షనిస్టే.

తుపాను నెలలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మీ రోజు పని వాతావరణ సమాచారంతో మొదలవ్వాలి. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినా వాన నెల్లూరును ముంచింది. అంటే తుపాను మీ మీదికే రానక్కర్లేదు, దారి తెగితే వెళ్లాల్సినవాళ్లు వెళ్లలేరు, కూరగాయలు రావు. మూడు రోజుల బియ్యం, పప్పు, పాలపొడి, పిల్లల పాలడబ్బాలు, బీపీ, షుగరు మందులు తెప్పించే మెడికల్ షాపు నంబరు ఎప్పుడూ ఉండాలి.

హెచ్చరిక రాగానే సంపులు నింపాలి, బాల్కనీ కుర్చీలు లోపల పెట్టాలి, సోలార్ పలకలు బిగించాలి, మురుగు కాలువలు తీయించాలి. ఏసీలు ఆపి మోటార్లు, వంటశాల, ఫ్యాన్లు, లైట్లు మాత్రమే నడిపితే 125 కేవీఏ జనరేటర్‌కు గంటకు 12 నుంచి 14 లీటర్ల డీజిల్ పడుతుంది. రెండు రోజులకు 600 లీటర్ల పైన సిద్ధం చేసుకోండి. గెస్టులను అధికారుల ఉత్తర్వు వచ్చేదాకా ఆపకుండా ముందురోజే పంపండి, ఇంకా బయల్దేరనివాళ్లకు ఫోన్ చేసి తేదీలు మార్చండి. పోయిన రాత్రులు వాళ్ల ఖాతాలో తిరిగి వేయించే బాధ్యత మీరే తీసుకోండి, సభ్యుణ్ణి హెడ్ ఆఫీసుకు ఉత్తరాలు రాసుకోమనకండి.

మనుషులు

వారపు సెలవులు సోమవారం నుంచి గురువారం లోపే. ఉదయం 8:30కి పదిహేను నిమిషాలు నిలబడే మీటింగు: వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు, తెరిచి ఉన్న ఫిర్యాదులు, సంపు మట్టం, టీడీఎస్, డీజిల్, కొలను అంకెలు, పుట్టినరోజులు. కూర్చుంటే అది గంట అవుతుంది.

సంక్రాంతికి రిసార్టు నిండుతుంది, సరిగ్గా అప్పుడే సిబ్బంది అందరికీ ఇంటికి వెళ్లాలని ఉంటుంది. వాళ్లదీ పండగే. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులను ముగ్గురి మధ్య పంచి, ఎవరికి ఏ రోజో డిసెంబరు మొదటి వారంలోనే గోడ మీద పెట్టండి. పండగ రోజు పనిచేసినవారికి రెట్టింపు వేతనం గానీ తర్వాత సెలవు గానీ ఇవ్వండి. ఆఖరి వారంలో చెప్తే ఎవరూ చెప్పకుండానే మానేస్తారు, తప్పు వాళ్లది కాదు.

చేరిన మొదటి రోజు మీరు అడిగి తీసుకోవాల్సినవి: గత ఏడాది నెలవారీగా ఎన్ని గదులు నిండాయన్న లెక్క, మూడు నెలల ఫిర్యాదుల పుస్తకం, దుప్పట్లు, తువ్వాళ్ల నిజమైన సంఖ్య, అగ్నిమాపక, ఆహార లైసెన్సుల గడువు తేదీలు, జనరేటర్ సర్వీసు కాగితం. మొదటి శనివారం ఆఫీసులో కూర్చోకుండా ఉదయం 10 నుంచి 2 దాకా గదుల బ్లాకులో తిరగండి. ప్రతి యూనిట్‌కు తాళం వచ్చిన సమయం, పని మొదలైన సమయం, అయిన సమయం, తనిఖీ సమయం, రిసెప్షన్‌కు చెప్పిన సమయం అని ఐదు గడులు గీసి నింపించండి. మీ ఆలస్యం ఏ రెండు గడుల మధ్య ఉందో ఆ ఒక్క కాగితంలో తెలుస్తుంది. అది ఇక్కడ పెడితే మనుషుల్ని పెంచాలా, వరస మార్చాలా అన్నది కచ్చితంగా చెప్తాను.